లెక్క అడిగేది ఎవరు?

1

గణితశాస్త్రానికి చరిత్ర ఉన్నదంటే కాదనేవారెవరూ ఉండరు. కాని బడిలో పిల్లవాడు పలక మీద చేసే మామూలు లెక్కకు కూడా చరిత్ర ఉన్నదంటే, మన ఉపాధ్యాయ మిత్రులలో చాలామంది నవ్వి ఊరుకుంటారు. “రెండూ రెండూ నాలుగే గదా! ఇందులో చరిత్రేమిటి, వర్గమేమిటి?” అని అడుగుతారు. వారి ప్రశ్నలో సగం న్యాయం ఉంది. జవాబుకు వర్గం లేదు. జమీందారు కచేరీలోనైనా, కూలివాని గుడిసెలోనైనా రెండూ రెండూ నాలుగే. అయితే లెక్క అంటే జవాబు మాత్రమే కాదు. జవాబుకు ముందు ఒక ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నను ఎవరో ఒకరు, ఎవరినో ఒకరిని, ఏదో ఒక అవసరంతో అడుగుతారు. ఎవరు అడుగుతున్నారు, ఏ పక్కన నిలబడి అడుగుతున్నారు అనే దానికి మాత్రం నిస్సందేహంగా చరిత్ర ఉన్నది.

ఈ సంగతి నాకు ఏ సిద్ధాంత గ్రంథమూ నేర్పలేదు. 1980 ప్రాంతంలో తెలంగాణలోని ఒక పట్టణంలో, విద్యార్థి వసతి గృహంలో, రాత్రి భోజనాల తర్వాత మేము ఐదుగురం మిత్రులం ఆడుకున్న ఆట నేర్పింది. ఆట చాలా చిన్నది. రోజుకొకడు ఒక లెక్క కట్టాలి. మిగిలిన నలుగురూ చెయ్యాలి. ఎవరూ చెయ్యలేకపోతే కట్టినవాడికి మరునాడు టీ ఇప్పించాలి; అందరూ చేసేస్తే వాడే ఇప్పించాలి. ఒక్క నిబంధన మాత్రం గట్టిగా పాటించేవాళ్లం: పుస్తకంలో ఉన్న లెక్క అడగరాదు. ఈ నిబంధన మొదట్లో మాకెంత కష్టమనిపించిందో చెప్పలేను. పదేళ్లకు పైగా లెక్కలు చేసినవాళ్లం. ఒక్క లెక్క సొంతంగా కట్టమంటే నోట మాట రాలేదు. చెయ్యడం మాత్రమే మాకు నేర్పారు. అడగడం మా పని కాదని, మాటల్లో చెప్పకుండానే, అంతకంటె బాగా నేర్పారు.

2

ఆ రోజుల్లో విశాలాంధ్ర పుస్తక దుకాణంలో మాస్కో ప్రచురణలు బస్సు ఛార్జీకంటె చవగ్గా దొరికేవి. మాలో ఒకడు అలా ఇంగ్లీషులో యాకొవ్ పెరెల్మాన్ రాసిన బీజగణితం పుస్తకం తెచ్చాడు. అందులో ఒక లెక్క ఉంది. అది లియో టాల్‌స్టాయ్‌కి మిక్కిలి ఇష్టమైన లెక్క అని పెరెల్మాన్ చెబుతాడు. దాని సారాంశం ఇది:

ఒక కోతగాళ్ల ముఠా రెండు గడ్డిబీళ్లు కొయ్యాలి. పెద్ద బీడు చిన్నదానికి రెండింతలు. ముఠా అంతా కలిసి మధ్యాహ్నం వరకు పెద్ద బీడు కోసింది. అక్కడ సగం మంది ఆగి, సాయంత్రానికి దానిని పూర్తి చేశారు. తక్కిన సగం మంది చిన్న బీడుకు వెళ్లి సాయంత్రం దాకా కోశారు. అక్కడ ఇంకా కొంత ముక్క మిగిలింది. దానిని మరునాడు ఒకే ఒక్క మనిషి రోజంతా పనిచేసి పూర్తి చేశాడు. ముఠాలో ఎందరు ఉన్నారు?

మేము అలవాటు కొద్దీ ‘క్ష’లు, ‘య’లు పెట్టి సమీకరణాలు దించాము. వాటి అవసరమే లేదు. పెద్ద బీటిలో ముఠా మొత్తం ఒక పూట, సగం ముఠా ఒక పూట పనిచేసింది. కాబట్టి సగం ముఠా ఒక పూటలో కోసేది పెద్ద బీటిలో మూడో వంతు. చిన్న బీడు పెద్దదానిలో సగం. సగంలో నుంచి మూడో వంతు పోతే ఆరో వంతు మిగిలింది. అది ఒక మనిషి ఒక రోజు పని. మొదటి రోజు ముఠా మొత్తం కోసింది పెద్ద బీడూ, దానిలో మూడో వంతూ; అంటే ఎనిమిది ఆరో వంతులు. కావున ముఠాలో 8 మంది. ఒక గీత గీసి చూపిస్తే పదేళ్ల పిల్లవాడికి అర్థమవుతుంది. ఈ లెక్కను ఇలా బొమ్మతో చెయ్యవచ్చునని ముసలితనంలో తెలుసుకుని టాల్‌స్టాయ్ ఎంతో సంతోషించాడట.

అయితే నా ఉద్దేశంలో లెక్కకంటె దాని పుట్టుక ఎక్కువ ముఖ్యం. ఆ పుట్టుకను ప్రొఫెసర్ ఎ. వి. సింగర్ తన జ్ఞాపకాలలో చెప్పగా పెరెల్మాన్ ఎత్తి రాశాడు. 1860 దశకంలో మాస్కో విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మిత్ర బృందం ఒకటి ఉండేది. సింగర్ తండ్రీ, ఐ. ఐ. రాయెవ్‌స్కీ అనే ఆయనా అందులోవారు. ఆ విద్యార్థులు నగరంలోని ఒక బడికి వెళ్లి, అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల దగ్గర బోధన నేర్చుకునేవారు. వారిలో పెత్రోవ్ అని ఒకడు. గొప్ప తెలివిగలవాడు, చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ జ్ఞాపకాలలో అతను ఇంటిపేరుతో మాత్రమే మిగిలాడు. అతని వాదం ఇది: బడిలో మూస లెక్కలు, మూస పద్ధతులు అలవాటు చేసి పిల్లల బుర్రలు పాడుచేస్తున్నారు. వాదంతో ఊరుకోలేదు. ఋజువు కోసం కొన్ని లెక్కలు కట్టాడు. ఆరితేరిన ఉపాధ్యాయులు వాటిముందు తడబడేవారు. చదువు ఇంకా పాడుచెయ్యని చురుకైన పిల్లలు అలవోకగా చేసేవారు. కోతగాళ్ల లెక్క వాటిలో ఒకటి. సమీకరణాలతో అయితే ఉపాధ్యాయులూ చేసేవారే. తేలికైన దారి మాత్రం వారికి తట్టేది కాదు.

ఇది జరిగిన కాలాన్ని గుర్తుంచుకోవాలి. రష్యాలో అర్ధబానిసత్వం 1861లో రద్దయింది. రైతు కాగితం మీద స్వతంత్రుడయ్యాడు. తనకు దక్కిన భూమికి విమోచన సొమ్ము మాత్రం 1907 దాకా కట్టవలసిన భారం అతని నెత్తిన పడింది. చదువుకున్న యువకులలో కొందరు పల్లె వైపు తల తిప్పిన కాలం అది. 1859లోనే టాల్‌స్టాయ్ తన ఊళ్లో రైతుబిడ్డలకు బడి పెట్టి ఉన్నాడు. ఆ వాతావరణంలో పుట్టిన లెక్కలో వర్తకుడు లేడు, వడ్డీ లేదు. కొడవలి పట్టిన ముఠా ఉంది. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను.

3

ఈ కథంతా ఆ రాత్రి నేను ఉత్సాహంగా చదివి వినిపించాను. మాలో ఒకడు మాత్రం ఏమీ అనకుండా కూర్చున్నాడు. అతనిది కౌలు రైతు కుటుంబం. మా అందరిలోనూ లెక్కల్లో వేగం అతనిదే. చివరకు అన్నాడు: “ఎనమండుగురే, సరే. మా తాతను అడిగితె ముందుగాల ఒకటే అడుగుతడు. కోసిన్రు సరే, గడ్డి ఎవనిది?”

మేమంతా నవ్వాము. తర్వాత నవ్వు ఆగిపోయింది. నిజమే, లెక్కలో ఆ సంగతి లేదు. బీడు ఎవరిదో లేదు, కూలి ఎంతో లేదు, మరునాడు ఒంటరిగా మిగిలిన ఎనిమిదోవాడికి ఆ రోజు కూలి ఎవరిచ్చారో లేదు. పెత్రోవ్ ఉపాధ్యాయుల మూసను పగలగొట్టాడు. దాని వెనక ఉన్న ఇంకో మూసను అతను చూడలేదు, లేదా చూసినా చెప్పలేదు. శ్రమను కొలవడం నేర్పే లెక్క, శ్రమఫలాన్ని పంచడం దగ్గర నోరు మూసుకుంటుంది.

ఆ బృందపు తర్వాతి చరిత్ర ఈ ప్రశ్నను మరింత పదునెక్కించింది. రాయెవ్‌స్కీ భూస్వామి అయ్యాడు, టాల్‌స్టాయ్‌కి ఆప్తమిత్రుడు. 1891లో రష్యాలో ఘోరమైన కరువు వచ్చినప్పుడు రైతులకు తిండి పెట్టే పని ఆయన ప్రారంభించాడు. టాల్‌స్టాయ్ ఆయన ఎస్టేటు అయిన బెగిచెవ్కాకు వెళ్లి అక్కడినుంచే గంజి కేంద్రాలు నడిపాడు. ఆ పని నడుమనే, ఆ ఏడే రాయెవ్‌స్కీ జబ్బుపడి మరణించాడు. యౌవనంలో ఎందరు కోతగాళ్లని సరదాగా లెక్కించిన బృందంలోని మనిషి, వార్ధక్యంలో ఎందరు ఆకలిగొన్నవారని లెక్కించవలసి వచ్చింది. గడ్డి ఎవరిదన్న ప్రశ్నను లెక్కలోంచి తీసివేయవచ్చును. చరిత్రలోంచి తీసివేయలేము.

4

అయితే ఈ లోపం రష్యన్ విద్యార్థులదేనా? మన సంప్రదాయం ఏం చెబుతుంది?

మనది పేద సంప్రదాయం కాదు. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు ‘గణితసారసంగ్రహం’ రాశాడు. దానిని పావులూరి మల్లన పద్యరూపంలో తెలుగు చేశాడు. ఆయన నన్నయకు సమకాలికుడా, కొంత తర్వాతివాడా అనే చర్చ పండితులలో ఉన్నది. ఏది నిజమైనా, మన భాషలో సాహిత్యం తొలి అడుగులు వేస్తున్న కాలంలోనే లెక్క కూడా పద్యంగా నడిచిందన్నమాట. మల్లన మక్కికి మక్కి అనువదించలేదు. మూలంలోని జైన ప్రసక్తులు తీసి తన శైవానికి అనుగుణంగా మార్చుకున్నాడు. లెక్కలోని అంకెను మార్చకుండానే లెక్క లోకాన్ని మార్చవచ్చునని 900 ఏళ్ల క్రితమే ఒక తెలుగువాడికి తెలుసు.

మహావీరుని లెక్కల్లో సరదా తక్కువేమీ కాదు. 152207ను 73తో హెచ్చిస్తే 11111111 వస్తుంది. ఇటువంటివాటిని ఆయన మెడలో హారాలతో పోల్చి ఆనందించాడు. ముగ్గురు వర్తకుల లెక్క ఇంకా చమత్కారమైనది. దారిలో వారికి ఒక డబ్బుసంచి కనిపిస్తుంది. “ఇది నాకు దక్కితే మీ ఇద్దరి సొమ్ముకు రెండింతలు నాకుంటుంది” అంటాడు మొదటివాడు. మూడింతలంటాడు రెండోవాడు. అయిదింతలంటాడు మూడోవాడు. సంచిలో ఎంత? చేతుల్లో ఎంత? సంచిలో 15 ఉంటే, చేతుల్లో 1, 3, 5 ఉంటే సరిపోతుంది. పోగొట్టుకున్నవాడెవరన్నది లెక్కలో లేదు. దానిని వెదికే ఆలోచన ముగ్గురిలో ఎవరికీ రాదు. వర్తకుని లోకం ఒక చిన్న లెక్కలో ఎంత సంపూర్ణంగా దిగిందో చూడండి!

1150లో భాస్కరాచార్యుడు రాసిన ‘లీలావతి’ ఇంకా ప్రసిద్ధం. తుమ్మెదలు, తామరలు, హంసలు నిండిన ఆ పుస్తకాన్ని ‘కవిత్వమైన గణితం’ అని మనం మెచ్చుకుంటాము. మెచ్చుకోవలసిందే. కాని అందులోనే, వ్యస్త త్రైరాశికం చెప్పిన చోట, ఒక ఉదాహరణ ఉంది: పదహారేళ్ల స్త్రీ వెల 32 నిష్కాలు అయితే, ఇరవయ్యేళ్ల స్త్రీ వెల ఎంత? వయసు పెరిగేకొద్దీ ధర తగ్గుతుంది గనుక 16ను 32తో హెచ్చించి 20తో భాగించాలి. జవాబు ఇరవయ్యైదున్నూ, అయిదింట మూడు వంతులున్నూ. దాని పక్కనే కాడెద్దు వెల గురించిన లెక్క. మనిషి, పశువు ఒకే సూత్రం కింద.

భాస్కరుని ఈ ఒక్క ఉదాహరణ పట్టుకుని దూషించడం నా ఉద్దేశం కాదు. అది ఆయన కట్టిన సంత కాదు. ఆయన చూసిన సంత. మన ఆచార్యులు ఆ లెక్కను కొందరు దాటవేస్తారు, కొందరు నీళ్లు నమలుతారు. రెండూ పొరపాటే. ఏ శాసనమూ ఇంత నిర్లక్ష్యంగా, అందుకే ఇంత నిజాయితీగా, తన కాలపు బానిస వ్యాపారాన్ని చెప్పదు. నా అభ్యంతరం ఒక్కటే. శతాబ్దాల తరబడి ఆ లెక్క చేసిన విద్యార్థులందరినీ అది కొనేవాని పక్కన నిలబెట్టింది. వెల కట్టబడిన స్త్రీ అడిగితే లెక్క ఎలా ఉండేది? ఆ పుస్తకం మనకు లేదు.

బ్రిటిషు కాలపు అంకగణితం ఈ పీటను మార్చలేదు. చక్రవడ్డీ, డిస్కౌంటు, లాభనష్టాలు చేర్చింది. అప్పు ఇచ్చినవానికి ఎంత వస్తుందని లెక్క అడిగింది; పుచ్చుకున్నవానికి ఏం మిగులుతుందని అడగలేదు.

5

ఇంతవరకు వచ్చాక, ఇకమీదట మా లెక్కలన్నీ శ్రామికుని పక్షాన ఉండాలని మేము తీర్మానించుకున్నాము. ఆ తర్వాత రెండు వారాలు మా ఆట చచ్చిపోయింది. ఈ సంగతి దాచిపెట్టడం మంచిది కాదు. ఎందుకంటె మన సాహిత్యంలోనూ ఇదే జబ్బు ఉన్నది.

ఒక దొరకు 600 ఎకరాలు, వంద మంది కూలీలు. పంచితే తలా ఎంత? ఇది నేను గర్వంగా కట్టిన లెక్క. నలుగురూ ఒక్క క్షణంలో “ఆరు” అన్నారు. ఆ పట్టున టీ నాకే పడింది. “ఇది లెక్కారా? నినాదానికి అంకెలు తగిలించినవ్” అన్నాడు ఆ కౌలు రైతు కొడుకే. నేను కోపగించుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అతను చెప్పింది అక్షరాలా సత్యం. నా లెక్కలో జవాబు నాకు ముందే తెలుసు, వాళ్లకూ తెలుసు. కొత్తగా ఎవరికీ ఏమీ తెలియలేదు. పెత్రోవ్ తిట్టిన మూస, ఎర్రరంగు పూసుకుని మా గదిలోకి వచ్చింది.

మూడోవారంలో అతని వంతు వచ్చింది. అతను కట్టిన లెక్క ఇది. విత్తనాల వేళకు వడ్లు అప్పు తెచ్చుకుని, పంట రాగానే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇచ్చే పద్ధతి తెలంగాణ పల్లెల్లో ఉండేది. దానిని నాగు అనేవారు. ఒక రైతు దొర గడిలో 16 కుంచాలు నాగుకు తెచ్చాడు. ఏ ఏడూ తీర్చలేకపోయాడు. బాకీ ఏటేటా ఒకటిన్నర రెట్లు అవుతూ పోయింది. గుమస్తా దగ్గర కుంచం తప్ప అంతకంటె చిన్న కొలత లేదు. ఎన్నో ఏట గుమస్తా చెయ్యి ఆగుతుంది?

మేము లెక్క వేశాము. 16, 24, 36, 54, 81. నాలుగేళ్లు కుంచం నిండుగా కొలుస్తుంది. అయిదో ఏట 121న్నర; చెయ్యి ఆగింది. “ఇంకో ఏడు ఆగకుండా సాగాలంటే ఎన్ని కుంచాలతో మొదలుపెట్టాలె?” 32. “ఇంకో ఏడు?” 64. “ఎన్నటికీ ఆగకుండా ఉండాలంటే?” అక్కడ మేము చాలాసేపు తల పట్టుకున్నాము. ఎంత పెద్ద సంఖ్య అయినా దానిలో ఉన్న రెండులు కొన్నే. నాగు ఏటా ఒక రెండును తీసుకుని ఒక మూడును పెడుతుంది. రెండులు అయిపోయిన మరుసటి ఏడు కుంచం సరిపోదు. చెయ్యి ఎన్నటికీ ఆగని సంఖ్య లేనే లేదు. అనంతమైన ఆశకు లెక్కలో చోటు లేదని రుజువైందని మేము కేకలు వేశాము.

అతను మాత్రం నవ్వలేదు. “చెయ్యి ఆగలేదు. నేను అబద్ధం కట్టిన. గుమస్తా దగ్గర చిన్న కొలత లేకపోవుడేంది?” అన్నాడు. నిజం. మన పాత కొలతలు ఎలా ఉండేవో చూడండి. కుంచంలో సగం అడ్డ. అడ్డలో సగం మానిక. మానికలో సగం తవ్వ. తవ్వలో సగం సోల. కొలతలన్నీ సగాలే. అయిదో ఏట 121 కుంచాల అడ్డెడు. ఆరో ఏట 182 కుంచాల మానెడు. ఏడో ఏట 273 కుంచాల మానిక మీద తవ్వెడు. ఎనిమిదో ఏట 410 కుంచాల మీద సోలెడు. ప్రతి ఏడూ సరిగ్గా కొలతకు వస్తుంది. గుమస్తా ఒక్క గింజ కూడా ఊహించి వెయ్యనక్కరలేదు. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. నాలుగు తూముల అప్పు ఎనిమిదేళ్లలో అయిదు పుట్లు దాటింది.

ఆ రాత్రి మా అయిదుగురికీ తెలిసిన విషయం మాకెవరికీ ముందు తెలియదు. లెక్క కట్టినవాడికి కూడా పూర్తిగా తెలియదు. సగాల కొలతను నాగు కోసం ఎవరూ సృష్టించలేదు. చేత్తో సమంగా పంచుకోవడానికి అనువుగా ప్రజలే ఏర్పరచుకుని ఉంటారు. కాని ఒకటిన్నర వడ్డీకి అంతకంటె అనువైన పనిముట్టు లేదు. ప్రజల కొలతే ప్రజలను కొలిచింది. 1946–51 తెలంగాణ రైతాంగ పోరాటంలో అప్పు పత్రాలు ఎందుకు తగలబెట్టారో నేను అంతకుముందు ఉపన్యాసాలలో విన్నాను. ఆ రాత్రి కాగితం మీద లెక్కగా చూశాను. చదువురాని రైతు ఆ పత్రంలోని అంకెలను చదవలేకపోయి ఉండవచ్చు. లెక్క ఎటు పోతున్నదో మాత్రం అతనికి తెలుసు.

6

ఈ అనుభవం నుంచి నేను రెండు నిర్ణయాలకు వచ్చాను. ఆ తర్వాత బడిలో లెక్కల ఉపాధ్యాయుడుగా పనిచేసిన కాలమంతా అవి నిలిచాయి.

మొదటిది: ప్రశ్న కట్టే హక్కు విద్యార్థి చేతికి రాకుండా లెక్కల చదువు ప్రజాస్వామికం కాదు. ఇవాళ పరిస్థితి పెత్రోవ్ కాలానికంటె దిగజారింది. ప్రవేశ పరీక్ష పేరుతో మన పిల్లలు వేలకొద్దీ మాదిరి లెక్కలు బట్టీపడుతున్నారు. నాలుగు జవాబులలో ఒకదానికి గుర్తు పెడుతున్నారు. ప్రశ్న ఇతరులది, జవాబూ ఇతరులదే. పిల్లవానిది గుర్తు పెట్టే చెయ్యి మాత్రమే.

రెండోది: ప్రశ్న మన పక్షాన ఉన్నంత మాత్రాన మంచి ప్రశ్న కాదు. అది ముందుగా లెక్క కావాలి. అడిగినవాణ్ణి కూడా ఆశ్చర్యపరచగలగాలి. ఆటను వదిలి నినాదాన్ని పట్టుకున్న రెండు వారాలలో మేము ఏమీ నేర్చుకోలేదు. ఆటలో తిరిగి పడ్డ ఒక్క రాత్రిలో నేర్చుకున్నాము. సరదా పోరాటానికి విరోధి అని భావించే మిత్రులు దీనిని ఆలోచించాలి. పెరెల్మాన్ ఇరవయ్యేళ్లకు పైగా సరదా లెక్కలు, సరదా శాస్త్రం రాశాడు. నాజీలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు, పరికరాలు లేకుండా దిక్కులూ దూరాలూ తెలుసుకోవడమెలాగో సైనికులకు ఉపన్యాసాలిచ్చాడు. ఆ ముట్టడిలోనే, 1942 మార్చిలో, ఆకలితో మరణించాడు. అతని ఆటను ఎవరూ కాలక్షేపమనలేరు.

నా తరగతిలో వారానికొక పిరియడు పిల్లలు కట్టిన లెక్కలకే కేటాయించేవాణ్ణి. మొదటి నెలంతా పుస్తకంలోని లెక్కలే పేర్లు మార్చి తెచ్చేవారు. తిట్టకుండా కాచుకోవాలి. రెండో నెలలో ఎవరో ఒకరు లేస్తారు. బీడీలు చుట్టే తల్లి కూతురు ఒకతె ఒకసారి అడిగింది: “సార్, అమ్మ వెయ్యి బీడీలు చుడితే కొన్ని బాగా లేవని తీసి పక్కన పడేస్తరు. వాటికి పైసలియ్యరు. కాని వాటిని గూడ అమ్ముతరు గద! ఆ లెక్క ఎట్ల చెయ్యాలె?”

ఆ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. తరగతి మొత్తం రెండు పిరియడ్లు చేసింది.